ఇల్జామ్‌తో ఇలాజ్ జరగదు

మన ఇళ్లలో షుగర్ ఉన్న మనిషికి ఆపరేషన్ అనగానే రెండు మాటలు మొదలవుతాయి. ఒకటి, "ఇన్నాళ్లూ నోరు కట్టుకోలేదు, ఇప్పుడు అనుభవించు." రెండోది, "ఏ గునాహ్‌కి సజానో ఇది." మొదటి మాట అయాదత్‌కి వచ్చినవాళ్లు అంటారు, అదీ చేతిలో మిఠాయి డబ్బా పెట్టుకుని. రెండోది ఎవరూ అనక్కర్లేదు, మరీజ్ తనలో తానే అనుకుంటూ ఉంటారు. కాలి వేలు తీసేయాలని డాక్టర్ చెప్పాక ఖాలాకో, మామూకో నిద్ర పట్టదు. చాలామందికి ఆ కాలిలో పెద్దగా నొప్పి కూడా తెలియదు. నిద్ర చెడగొట్టేది ఖౌఫ్, దానితోపాటు "అంతా నా చేతులారా చేసుకున్నదే" అన్న కుంగుబాటు.

ఈ ఇల్జామ్ మనసును బాధపెట్టడంతో ఆగదు, కాలుని కూడా తింటుంది అంటాను నేను. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. చెప్పు కరిచినా, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. రక్తప్రసరణ కూడా తగ్గితే పుండు మానదు, చీము పడుతుంది. పుండు కనిపించిన రోజే చూపిస్తే మందులతో, డ్రెస్సింగ్‌తో మానే అవకాశం ఎక్కువ. కానీ చూపిస్తే ఇంట్లో తిడతారని సల్వార్ కింద దాచుకునేవాళ్లు ఎందరు లేరు? అలా దాచిన వారాలే, వేలుతో పోయేదాన్ని పాదం దాకా, ఒక్కోసారి మోకాలి దాకా తీసుకెళ్తాయి.

పోనీ ఆ ఇల్జామ్‌లో సచ్చాయి ఎంత? తిండికి, నడకకి వాటా ఉంది, కాదనను. కానీ టైప్ 2 షుగర్‌లో ఖాన్‌దాన్ నుంచి వచ్చేదానికీ పెద్ద వాటా ఉంది. మన దేశంవాళ్లకి పెద్దగా లావు కాకుండానే, చిన్న వయసులోనే వస్తుందని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. అందరికీ వడ్డించి మిగిలింది తిని, తన మందులు ఆపుకుని బేటీ ఫీజు కట్టిన అమ్మీని "నోరు కట్టుకోలేదు" అనడం ఇన్సాఫేనా?

ఇక సజా అనే మాట. హజ్రత్ అయ్యూబ్ అలైహిస్సలాం ఎంతటి బీమారీ అనుభవించారో మన పిల్లలకీ తెలుసు. ఆయన పైగంబర్. బీమారీ అంటే సజాయే అయితే ఆయనకెందుకు వచ్చింది? ముల్లు గుచ్చుకున్న బాధ కూడా మోమిన్ గునాహ్‌లను తుడిచేస్తుందని హదీసుల్లో వింటాం. మంచం మీదున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి దాన్నే తిరగేసి చెబుతాం.

"మరి ఏమీ అనకపోతే మారేదెలా?" అని అడిగే భాయ్‌లున్నారు. సబబైన ప్రశ్నే. ఇల్జామ్ వేరు, జిమ్మేదారి వేరు. ఇల్జామ్ నిన్నటి బిర్యానీకి లెక్క అడుగుతుంది. జిమ్మేదారి రేపు పొద్దున ఇన్సులిన్ ఎవరు వేస్తారో చూస్తుంది. తౌబా అన్నా తప్పు నుంచి వెనక్కి తిరిగి రావడమే కదా, అక్కడే కూర్చుని గుండెలు బాదుకోమని ఎవరూ చెప్పలేదు.

భయపడుతున్నవాళ్లని "అల్లాహ్ మీద భరోసా లేదా?" అని నోరు మూయించకండి. ముందు ఒంటెను కట్టేసి తర్వాత తవక్కుల్ చేయమన్న హదీసు ఉన్న ఉమ్మత్ మనది. ఆపరేషన్ ముందు ఒంటెను కట్టడమంటే డాక్టర్‌ని అడగడం. ఎంతవరకు తీస్తారు? తీయకపోతే ఏమవుతుంది? కాలికి రక్తప్రసరణ పరీక్ష చేశారా? మత్తు నడుం కిందికా, పూర్తిగానా? మళ్లీ ఎన్నాళ్లకి నడుస్తారు? ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లండి. వేసుకునే దవాలన్నీ, హకీం ఇచ్చినవి సహా, చూపించండి. రక్తం పలచబరిచే మాత్రలు, కొన్ని రకాల షుగర్ మాత్రలు ముందే ఆపాల్సి రావచ్చు, కానీ సొంతంగా ఆపకూడదు. ఏమీ తినొద్దన్నాక "ఒక్క కప్పు చాయ్‌కి ఏమవుతుంది" అనకండి. మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఖర్చు గురించి ఖౌఫ్ ఉంటే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని ముందే అడగండి.

మన పెద్దవాళ్లు పైకి చెప్పని ఖౌఫ్ ఇంకొకటుంది. కట్టు ఉంటే వుజూ ఎలా? కాలు మడవలేకపోతే సజ్దా ఎలా? దీన్ దీనికి ఎప్పుడో జవాబిచ్చింది. నిలబడలేనివాళ్లు కూర్చుని, అదీ కుదరకపోతే పడుకుని ఇషారాతో నమాజ్ చదవొచ్చు. కట్టు మీద మసహ్ చేయొచ్చు, నీళ్లు వాడలేనివాళ్లకి తయమ్ముమ్ ఉంది. ఈ మాట ఆపరేషన్‌కి ముందే ఇమాం సాబ్‌తో ఇంటికొచ్చి చెప్పించండి. నాలుగు మందులివ్వలేని తసల్లీ అందులో దొరుకుతుంది.

ఆపరేషన్ తర్వాత రెండో కాలు ఉంటుంది, అది కూడా అమానతే. రోజూ రాత్రి ఎవరో ఒకరు అమ్మీ పక్కన కూర్చుని, ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, అరికాలు, వేళ్ల సందులు వెలుతురులో చూడండి. కొత్తగా ఎర్రబడ్డా, బొబ్బ కనిపించినా తెల్లారగానే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. "ఎలా చేసుకున్నావ్?" అని మాత్రం అడగకండి. ఆ ఒక్క మాట భయంతోనే రేపు ఆమె పాదం వెనక్కి లాక్కుంటుంది.