నీడపట్టు ఎవరికి?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి నాకు అనుమానం మాట దగ్గరే మొదలవుతుంది. రోలు పగిలే సంగతి తరతరాలుగా చెప్పుకుంటున్నాం సరే, ఆ రోటి ముందు కూర్చుని రుబ్బిన మనిషికి ఏమయిందో ఏ సామెతా ఎందుకు చెప్పదు?

ప్రతి వేసవిలోనూ ప్రభుత్వమూ, పత్రికలూ ఒకటే పాఠం వల్లిస్తాయి. మధ్యాహ్నం బయటికి రాకండి, నీడపట్టున ఉండండి, నీళ్ళు బాగా తాగండి. ఎవరికి ఈ సలహాలు? ఎండ వీధిలోనే ఉంటుందనీ, అన్నం దానంతటదే ఉడుకుతుందనీ నమ్మేవాళ్ళకి. రేకుల కప్పు కింద, కిటికీ లేని వంటింట్లో పొయ్యి ముందు నిలబడే ఆమెకి ఇల్లే ఎండ. మిట్టమధ్యాహ్నం వంట చెయ్యొద్దనే సూచన కూడా ఉంది. వంట వేళ మార్చమన్నారే గాని, వండే మనిషిని మార్చమనలేదు!

నీళ్ళు తాగమంటారు. తాగాక ఎక్కడికి వెళ్ళాలి? పొలంలో, కరువు పనిలో, బట్టల కొట్లో ఆ చోటేదీ? మా అమ్మ వేసవిలో బస్సు ప్రయాణమంటే ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు తగ్గించేసేది. ఆ తర్వాత వచ్చే మూత్రంలో మంటకి మనం పెట్టుకున్న పేరు 'వేడి చేసింది'. మజ్జిగ తాగి మళ్ళీ పనిలో పడడమే దానికి వైద్యం. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. కోస్తా ఉక్కలో అది ఆరదు. గర్భిణికి ఈ భారం మరీ ఎక్కువ. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ నెలలు నిండని కాన్పుల అవకాశం సుమారు 5 శాతం పెరుగుతోందని, అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2020లో తేల్చింది.

"పోలీసు లెక్కల్లో వడదెబ్బ మృతుల్లో మగవాళ్ళే ఎక్కువ కదా" అంటారు. ఆ లెక్క ఎలా తయారవుతుందో చూడండి. 2015 వేసవిలో దేశంలో 2,000 మందికి పైగా వడదెబ్బకు పోయారన్నారు, అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్ళే. ఒక్కో మరణాన్నీ అధికారులు విచారించి ధ్రువీకరించాలి. రోడ్డు మీద కూలిన మనిషికి సాక్షులుంటారు. వంటింట్లో కూలిన ఆమెది 'గుండె ఆగి' పోవడం, ముసలమ్మది 'వయసు మీరి' పోవడం.

మామూలు రోజులకంటే ఎన్ని చావులు పెరిగాయో చూసే పద్ధతి వేరే ఉంది. 2022 వేసవిలో యూరప్‌లో వేడి వల్ల 61,000 మందికి పైగా మరణించారని అలాగే అంచనా కట్టారు. వాళ్ళలో ఆడవాళ్ళు, అందులోనూ వృద్ధులు ఎక్కువ. అది చల్లటి దేశాల గొడవ అని కొట్టిపారేయడానికి లేదు. 2010 మే నెలలో ఒక్క అహ్మదాబాద్‌లోనే 1,300కి పైగా అదనపు చావులు ఈ పద్ధతిలోనే బయటపడ్డాయి. 2013లో ఆ నగరం వేసవి ప్రణాళిక రాసుకోవడానికి ఆ వేసవే కారణం.

కాబట్టి అడగాల్సింది చలివేంద్రాలతో ఆగదు. ప్రతి జిల్లాలోనూ వేసవి మరణాలన్నిటినీ ఆడా మగా విడివిడిగా, వయసువారీగా లెక్కగట్టి బయటపెట్టాలి. పనిచోట నీళ్ళకుండ పక్కనే మరుగుదొడ్డి ఉండాలి. పేదల ఇళ్ళ పథకాల్లో వంటింటికి గాలి వచ్చే దారి ఉండాలి. పొయ్యి దగ్గర పనిని కూడా ఎండలో పనిగానే గుర్తించాలి. ఇంట్లో మగవాళ్ళు ఆ పొయ్యి దగ్గరికి రావడానికి మాత్రం ఏ జీవోా అక్కర్లేదు.