మూగబోయాక ముద్దొచ్చినవాడు

మహమ్మద్ అలీ 2016 జూన్ 3న అరిజోనా రాష్ట్రంలో కన్నుమూశాడు. వారం తిరిగాక స్వస్థలమైన లూయీవిల్ లో అంతిమయాత్ర జరిగితే రోడ్ల కిరువైపులా జనం బారులు తీరి నిలబడ్డారు. శవవాహనం మీద పూలు కురిశాయి. ఒక మాజీ అధ్యక్షుడు నివాళి ప్రసంగం చేశాడు. ఏళ్ళు గడుస్తున్నా ఆ అభిమానం తరగలేదు. ప్రతి జూన్ లోనూ అవే ఛాయాచిత్రాలు, అవే విశేషణాలు: మహోన్నతుడు, శాంతిదూత, జాతిమత భేదాలకు అతీతుడు. చచ్చినవాడి కళ్ళు చేరెడన్న సామెత మనకు ఉండనే ఉంది. అలీ విషయంలో మాత్రం ఆ కళ్ళు చచ్చాక పెరిగినవి కావు. బ్రతికుండగానే, సరిగ్గా చెప్పాలంటే అతని నోరు పడిపోయాక, పెరిగినవి. నా తగాదా అంతా అక్కడే.

అతీతుడట! 1964 ఫిబ్రవరిలో సానీ లిస్టన్ ని ఓడించి, ఇరవై రెండేళ్ళ వయసులో హెవీవెయిట్ కిరీటం గెలుచుకున్న మర్నాడే తాను నేషన్ ఆఫ్ ఇస్లాం సభ్యుడినని బహిరంగంగా ఒప్పుకున్న మనిషి అతడు. ఆ సంస్థ తెల్లవారితో కలిసి బ్రతకడాన్ని కాదు, విడిపోవడాన్ని బోధించింది. అలీ ఆ మాటనే పదేళ్ళపాటు చిత్తశుద్ధితో ప్రచారం చేశాడు. అతను పెట్టుకున్న పేరుని రాయడానికి న్యూయార్క్ టైమ్స్ అంతటి పత్రికకు ఏళ్ళు పట్టింది. అంతవరకూ కాసియస్ క్లే అనే రాసింది. 1967 ఫిబ్రవరిలో ఎర్నీ టెరెల్ కూడా ఆ పాత పేరుతోనే పిలిచినందుకు, నా పేరేమిటో చెప్పమని అడుగుతూ పదిహేను రౌండ్లూ అతడిని చితకబాదాడు అలీ. చూడడానికి బాధ కలిగించే పోటీ అది. శాంతిదూత అనేవాళ్ళు ఒకసారి చూడాలి.

ఆపైన వియత్నాం. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్ లో సైన్యంలో చేర్చుకునే తంతులో పేరు పిలిస్తే అతడు అడుగు ముందుకు వేయలేదు. న్యూయార్క్ బాక్సింగ్ అధికారులు అదే రోజున లైసెన్సు లాక్కున్నారు. మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. కిరీటం పోయింది. జూన్ లో అయిదేళ్ళ జైలు శిక్ష, పదివేల డాలర్ల జరిమానా పడ్డాయి. అప్పీలు నడుస్తున్నందున జైలుకి వెళ్ళలేదు గానీ, ఇరవై అయిదు నుంచి ఇరవై ఎనిమిది దాకా, అంటే బాక్సరు దేహానికి నిండు వసంతమనదగిన మూడున్నర సంవత్సరాలు, బరిలోకి దిగనివ్వలేదు.

1971 జూన్ లో సుప్రీంకోర్టు శిక్షను కొట్టేయడాన్ని అమెరికా అంతరాత్మ మేలుకొన్న ఘట్టంగా చెప్పడం ఆనవాయితీ అయింది. తీర్పు ఏకగ్రీవమే. అయితే యుద్ధాన్ని నిరాకరించడం న్యాయమని ఆ న్యాయమూర్తులు అనలేదు. అతని అర్జీని తోసిపుచ్చిన సైనిక అప్పీలు బోర్డు, మూడు ఆధారాలలో దేన్నిబట్టి తోసిపుచ్చిందో చెప్పలేదు. వాటిలో కొన్ని చెల్లవని ప్రభుత్వమే ఒప్పుకుంది. కనుక శిక్ష నిలవదన్నారు. కాగితంలోని లొసుగు కాపాడిన మనిషిని అంతరాత్మ కాపాడిందని చెప్పుకోవడంలో చెప్పుకునేవాళ్ళకు ఎంత సుఖముందో!

అలాగని అప్పట్లో అతడిని ప్రేమించినవాళ్ళు లేరా? ఉన్నారు. నల్లజాతి పేటల్లో, యుద్ధాన్ని వ్యతిరేకించే కళాశాలల్లో (లైసెన్సు పోయిన రోజుల్లో అతని జీవనోపాధి అక్కడి ఉపన్యాసాలే) ఉన్నారు. 1974 అక్టోబరు 30న కిన్షాసాలో, అతడిని చూడడమే తప్ప అతని భాష రాని వేలాదిమంది, ఫోర్మన్ ని చంపెయ్యమంటూ లింగాలా భాషలో అరిచారు. ఆ పోటీకి డబ్బు పెట్టింది మొబుటు అనే నియంత అని మరచిపోనక్కర్లేదు. ఆ అరుపులు మటుకు నియంతవి కావు. తమకు చేతకాని ఎదిరింపుని తమ తరఫున ఒకడు చేశాడని తెలిసినవాళ్ళ ప్రేమ అది. అందులో ఉద్రేకముంది, పక్షపాతముంది, కొంత క్రౌర్యమూ ఉంది. కానీ అలీ ఏమంటున్నాడో విని మరీ ప్రేమించారు వాళ్ళు.

రెండో ప్రేమ వేరు. అది ఒక్క రోజులో పుట్టలేదన్నది న్యాయంగా ఒప్పుకోవాలి. కిన్షాసా విజయం తరువాత 1974 డిసెంబరులోనే అధ్యక్షుడు ఫోర్డ్ అతడిని వైట్ హౌస్ కి పిలిచాడు. 1975లో ఎలైజా మహమ్మద్ మరణించాక అలీ వేర్పాటు బోధన విడిచి సున్నీ ఇస్లాం వైపు మళ్ళాడు. యుద్ధమూ ముగిసింది. ద్వేషించడానికి కారణాలు ఒక్కొక్కటే రాలిపోతూ వచ్చాయి. అయినా ఆ ప్రేమ పూజగా మారడానికి ఇంకొకటి కావలసి వచ్చింది.

1977లో షేవర్స్ తో పోటీ తరువాత, ఇక మానెయ్యమన్న తన మాట చెల్లక, వైద్యుడు ఫెర్డీ పచేకో తప్పుకున్నాడు. 1980 అక్టోబరులో, ముప్ఫై ఎనిమిదేళ్ళ అలీని లాస్ వేగస్ లో లారీ హోమ్స్ కి ఎదురుగా నిలబెట్టారు. పది రౌండ్లపాటు, తిరిగి కొట్టలేని మనిషి దెబ్బలు తింటుంటే లోకం టిక్కెట్టు కొనుక్కుని చూసింది. కొట్టినవాడే తరువాత కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అంతటితో ఆగనూ లేదు. 1981లో బహామాస్ లో ఇంకొకటి. 1984లో పార్కిన్సన్ వ్యాధి అని తేల్చారు. వ్యాధికి దెబ్బలే కారణమా అన్నది వైద్యుల వాదన. దెబ్బలు మేలు చేయలేదనడానికి వైద్యుడు కానక్కర్లేదు. బాక్సర్లలోకెల్లా గొప్ప వాచాలుడి గొంతు గుసగుసగా సన్నగిల్లి, చివరికి దాదాపు ఆగిపోయింది.

1996 జులై 19న అట్లాంటాలో ఒలింపిక్ జ్యోతి వెలిగిస్తూ ఆ చేతులు వణకడం కోట్లాదిమంది చూశారు. కదలని కన్నుల్లేవు, నిజమే. ఆ దృశ్యంలోని ఔన్నత్యాన్ని కాదనను. కానీ ఆ కన్నీళ్ళను కొంచెం అనుమానించే హక్కు నాకుంది. 1967లో ఆ నోటికి భయపడ్డ దేశం ఆ నోరు కదలదని రూఢి చేసుకున్నాకే కౌగిలించుకుంది. మాట్లాడేవాడైతే ఆ వేదిక మీదికి పిలిచి ఉండేవారా?

పశ్చాత్తాపం ఎప్పుడు వచ్చినా మంచిదే కదా, ఎందుకీ రంధ్రాన్వేషణ అనేవారుంటారు. పశ్చాత్తాపమైతే చేసిన పనిని పేరుపెట్టి చెప్పాలి. ఇక్కడ జరిగింది మాపివేత. అతని తిరుగుబాటునే కాదు, అతని తప్పులనూ మాపేశారు. గురువూ స్నేహితుడూ అయిన మాల్కం ఎక్స్ 1964లో ఘానాలో ఎదురుపడితే అలీ మొహం తిప్పుకున్నాడు. మరుసటి ఏడాది మాల్కం హత్యకు గురయ్యాడు. తాను ఎక్కువగా పశ్చాత్తాపపడే తప్పుల్లో ఆ పని ఒకటని అలీ 2004 నాటి పుస్తకంలో తానే రాసుకున్నాడు. ఇక జో ఫ్రేజియర్. దక్షిణ కరోలినాలో కౌలురైతు కొడుకు, ఫిలడెల్ఫియా కబేళాలో పనిచేసినవాడు, అలీ లైసెన్సు తిరిగి ఇప్పించడానికి మాటసాయం చేసినవాడు. అటువంటివాణ్ణి అలీ తెల్లవాళ్ళ బంటు అన్నాడు, గొరిల్లా అన్నాడు. 1975లో మనీలా పోటీకి ముందు విలేకరుల ఎదుట గొరిల్లా బొమ్మని గుద్ది మరీ నవ్వించాడు. నల్లవాడిని కోతితో పోల్చడం ఎవరి భాషో అలీకి తెలియనిది కాదు. మనీలాలో పద్నాలుగు రౌండ్లయ్యాక, కళ్ళు వాచి మూసుకుపోయిన ఫ్రేజియర్ ని అతని శిక్షకుడే ఇక లేవనివ్వలేదు. 2001లో అలీ క్షమాపణ చెప్పాడు, అదీ పత్రిక ద్వారా. 2011లో ఫ్రేజియర్ పోయాడు. సినిమా కోసం పుట్టిన రాకీకి ఎనభైల్లోనే కంచు విగ్రహం వెలిసిన ఫిలడెల్ఫియాలో ఫ్రేజియర్ విగ్రహం వెలిసింది 2015లో! అభిమానం అందరికీ ఒకేలా పండదు. అలీని ఋషిని చేయాలంటే ఫ్రేజియర్ ని మరచిపోక తప్పదు.

ఋషిని చేశాక అమ్మడం తేలిక. 2006లో అలీ పేరునీ రూపాన్నీ వాడుకునే హక్కులలో ఎనభై శాతం ఒక వినోద సంస్థ అయిదు కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అమ్మినందుకు అలీని తప్పుపట్టను, ఎంతోమంది బాక్సర్లు బికారులుగా పోయారు. కొన్నవాళ్ళు మటుకు 1967 నాటి అలీని కొనలేదన్నది స్పష్టం.

అంతకు కొద్ది నెలల ముందు, 2005 నవంబరులో, ఇరాక్ యుద్ధం సాగుతుండగా, ఆ యుద్ధాన్ని మొదలుపెట్టిన అధ్యక్షుడు బుష్ వైట్ హౌస్ లో అలీ మెడలో దేశపు అత్యున్నత పౌర పతకం వేశాడు. యుద్ధానికి రానన్న మనిషి మెడలో! పతకం వేశాక బుష్ సరదాగా పిడికిళ్ళు బిగించి, రమ్మన్నట్టు ఎదుట నిలబడ్డాడు. అలీ మాట్లాడలేదు. వణికే చెయ్యి మెల్లిగా పైకెత్తి, తన కణత పక్కన వేలిని గుండ్రంగా తిప్పి చూపించాడు. నీకేమైనా పిచ్చా అన్నట్టు. సభ నవ్వింది.