కరవుసీమ సిపాయి జాబులు

విరహికి మేఘమును దూతగా నియమించిన కాళిదాసు తన యక్షుని రామగిరిపై గాక అనంతపురపు పీఠభూమిపై నిలిపియుండినచో ఆ కావ్యము సాగుట సందేహమే. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగింపగా, ఈశాన్య ఋతుపవనము తీరము విడిచి ఇంతదూరము వచ్చుసరికి సత్తువ యుడిగిపోగా, ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు ఈ సీమలో మేఘమునకే కబురంపవలసి యుండును గాని, మేఘముచేత కబురంపు భాగ్యము ఎవరికిని లేదు. అట్టి నేలనుండి యుద్ధమునకు పోయిన సిపాయి తన ఇల్లాలికి, లేదా మనువాడనెంచిన మేనమామ కూతురికి, ఏమని జాబు వ్రాసియుండును? మన సాహిత్యచరిత్ర ఈ ప్రశ్నను ఇంతవరకు తగినంతగా పట్టించుకొనలేదు.

యుద్ధభూమినుండి వచ్చు ప్రేమలేఖ మనకు అపరిచితము కాదు. 2015 నాటి ‘కంచె’ చలనచిత్రమున రెండవ ప్రపంచయుద్ధమునకు వెళ్ళిన హరిబాబు సీతకు వ్రాసిన ఉత్తరములును, 2022 నాటి ‘సీతారామం’లో కాశ్మీరమునందలి లెఫ్టినెంటు రామునికి సీతామహాలక్ష్మి వ్రాసిన లేఖలును తెలుగు ప్రేక్షకుల కన్నులను చెమర్చజేసినవే. అయితే ఆ నాయకులును నాయికలును స్వహస్తముతో అందముగా వ్రాయగల చదువరులు. కలము పట్టనేరని సిపాయి ప్రేమకును, అక్షరము రాని ఇల్లాలి విరహమునకును ఆ కథలలో చోటు లేదు.

చరిత్రలోని సిపాయిలలో మాత్రము అనేకులు అట్టివారే. దక్షిణాదివారు యుద్ధజాతులు కారను దొరతనపు సిద్ధాంతమునకు గురియై మదరాసు పదాతిదళములు 1928 నాటికి రద్దయిపోగా, బెంగళూరు కేంద్రముగా గల మదరాసు సాపర్సు అను ఇంజనీరింగు దళము మాత్రము నిలిచి, తమిళులతోపాటు తెలుగువారినిగూడ చేర్చుకొనుచుండెను. జపానువారు బర్మాను ఆక్రమించిన దినములలో మదరాసు రెజిమెంటు తిరిగి ప్రాణము పోసికొనెను. సుమారు 25 లక్షలమంది భారతీయులు పనిచేసిన రెండవ ప్రపంచయుద్ధకాలపు భారతసైన్యములో పశ్చిమగోదావరిజిల్లా మాధవరము ‘మిలిటరీ మాధవరము’గా పేరొందినది గాని, కరవుసీమనుండి వెళ్ళినవారికి అట్టి ప్రసిద్ధి దక్కలేదు. ఆ యుద్ధపు ఆర్థికస్వరూపమును విమర్శించుచు పుస్తకము వ్రాసినందులకు 1940లో చెరసాల పాలయిన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి అనంతపురము జిల్లావాడే; వాన తప్పిన యేట నెలజీతమునకై పటాలములో చేరుటకు రైలెక్కినవాడును ఈ జిల్లావాడే.

అతడు వ్రాయించిన జాబు ఒంటరిగా ప్రయాణము చేయలేదు. అంతకుముందటి మొదటి ప్రపంచయుద్ధమునందే ఫ్రాన్సులోని భారతసైనికుల ఉత్తరములను పరీక్షించుటకు 1914లోనే సెన్సారు కార్యాలయ మొకటి వెలసినది. నేడు లండనులోని బ్రిటిషు లైబ్రరీలో మిగిలినవి ఆ కార్యాలయమువారు ఆంగ్లమున దించుకొన్న భాగములే. తమ జాబులను దొరలు చదువుదురని ఎఱిగిన సిపాయిలు తమవారిని నల్లమిరియాలనియు, తెల్లవారిని ఎర్రమిరపకాయలనియు సంకేతించిరి. రాజకీయమున కిట్టి మఱుగుభాష దొరికినది, ప్రేమకో? అక్కడ వ్రాసిపెట్టువాడొకడు, నడుమ తెరచి చూచువాడొకడు, ఇక్కడ అరుగుపై కూర్చుండి పదిమందిలో చదివి వినిపించు బడిపంతులొకడు. జాబు పైని పేరు తండ్రిది, లోపలి మ్రొక్కులు పెద్దలవి. మగని పేరు నోట పలుకరాని ఆచారమున పెరిగిన ఆమెకు, ఆమె పేరు నలుగురిలో ఎత్తుటకు సిగ్గుపడు అతడు చెప్పదలచినదంతయు వాన పదునైనదా, సెనక్కాయ విత్తితిరా, బావిలో నీరెంతకు దిగినది, పాలావు ఈనినదా యను ప్రశ్నలలోనే ఇమిడిపోవలసి వచ్చెను. ఆ విత్తనపు గంప మోయునదియు, ఆ బావినీరు తోడునదియు, ఆ యావుకు మేత వేయునదియు ఆమెయే గనుక, ఆ ప్రశ్నలన్నియు ఎవరి క్షేమమును విచారించుచున్నవో వినిపించు పంతులుకన్న, వినుచున్న మామగారికన్న, తలుపు చాటున నిలిచిన ఆమెకే స్పష్టముగా తెలియును.

స్వాతంత్ర్యానంతరము యుద్ధములు మారినవి. ఏ కొండమీద నున్నాడో తెలియనీయక ‘56 ఏ.పి.ఓ.’ అనియో ‘99 ఏ.పి.ఓ.’ అనియో సైనిక తపాలాకార్యాలయపు అంకె మాత్రమే చిరునామాగా వచ్చుచుండెను. జాబుకన్న తఱచుగా వచ్చినది మనియార్డరు. 1880లో తపాలాశాఖ ప్రారంభించిన ఈ సదుపాయమున ఫారము అడుగున కబురు వ్రాయుటకు చిన్న జాగా ఉండెడిది. సొమ్ము పుచ్చుకొన్నవారు చేవ్రాలు చేసిన రసీదు పంపినవాని చేతికి తిరిగి చేరెడిది. చదువురాని యిల్లాలు దానిపై వేలిముద్ర వేసెడిది. తాను బ్రతికియున్నాననియు, సొమ్ము తనకే చేరినదనియు, ఇల్లు నిలిచియున్నదనియు ఆమె అతనికి స్వయముగా తెలుపుకొనగలిగిన ప్రత్యుత్తర మదియొక్కటే.

ఇతరుల నోట, ఇతరుల చేత నడచిన మాటను ప్రేమలేఖ యనవచ్చునా యని శంకించువారు పోతన భాగవతమును తలచుకొనవలెను. మన వాఙ్మయమున సుప్రసిద్ధమైన ప్రణయసందేశము రుక్మిణిది. దానిని మోసికొనిపోయి శ్రీకృష్ణునికి వినిపించినవాడు అగ్నిద్యోతనుడను బ్రాహ్మణుడు. దూత నడుమ నుండుటచేత ఆ సందేశమునకు లాఘవము కలుగలేదు. రాచకన్నియ కొప్పుకొన్న గౌరవమును రైతు కోడలికి నిరాకరించుటకు విమర్శకులకు హేతువు లేదు.

కనుక మేము కోరునది స్పష్టము. కార్డులు, ఇన్లాండు కవరులు, మనియార్డరు ముక్కలు అనంతపురము, శ్రీసత్యసాయి జిల్లాల మాజీసైనికుల యిండ్లలో ట్రంకుపెట్టెల అడుగున ఇంకను ఉండవచ్చును. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమువంటి సంస్థలు కుటుంబముల అనుమతితో, వారి పేర్లను గోప్యముగా నుంచి, వానిని సేకరింపవలెను. అంతకుమించి, ఆ జాబులు విన్న వృద్ధస్త్రీలు ఏమి బదులు చెప్పింపనెంచిరో, పంతులు ముందర ఏమి చెప్పలేకపోయిరో, వారి నోటనే నమోదు చేయవలెను. సిపాయి పంపిన సగమును మాత్రమే కూర్చి ప్రకటించినచో సెన్సారు దొర చేసిన పనికన్న మనము చేసినది పెద్దది కాజాలదు. ‘ప్రేమ’ యను మాట కనబడలేదని వీనిని ఇంటిలెక్కల కట్టలో పడవేసినచో, వానలేని నేలపై దాంపత్యము ఏ భాషలో బ్రతికినదో చెప్పగల సాక్ష్యమును మన చేతులతో మనమే చెదలకు అప్పగించినవార మగుదుము.