కలి లెక్క, నోవహు వరద

ఉగాదికి ముందు పూతలపట్టు బజారులో కొన్న పంచాంగం ఇంకా నా బల్ల మీదే ఉంది. ఆఫీసుకు వచ్చినవాళ్లంతా రాజపూజ్యం, అవమానం చూసుకుని పోతారు. మాకు ప్రూఫులు దిద్దే అయ్యవారు మాత్రం తొలిపేజీ దగ్గరే ఆగుతారు. కలిగతాబ్దాలు 5126. ఆ అంకె చేసిన ప్రయాణం తెలిశాక నాకూ అక్కడ ఆగడం అలవాటైంది.

కలి మొదలు క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరి. ఎవరో ఆకాశం చూసి రాసుకున్న తేదీ కాదు. గ్రహాల సగటు నడకను వెనక్కి లెక్కగడితే అన్నీ మేషం మొదట్లో కలిసే రోజు. 9వ శతాబ్దపు బాగ్దాదు జ్యోతిష్కుడు అబూ మాషర్ ఆ రోజునే నోవహు జలప్రళయానికి అంటగట్టాడు. తర్వాత స్పెయిన్‌లోని కాస్టీల్ రాజు పదవ అల్ఫోన్సో పేరుమీద క్రైస్తవ యూరప్ అంతా వాడిన గ్రహ పట్టికల్లో అదే ‘జలప్రళయ శకం’ అయింది, ఒక్కరోజు తేడాతో. మన కలియుగం అలా పేరు మార్చుకుని లాటిన్ చదువులో కూర్చుంది.

మధ్యయుగపు చర్చి జ్యోతిషాన్ని గెంటేసిందనుకుంటాం. అంత తేలిగ్గా జరగలేదు. 13వ శతాబ్దంలో చర్చి పండితుడు థామస్ అక్వినాస్ దానికి సగం తలుపు తీశాడు: గ్రహాలు దేహాన్నీ, దేహం ద్వారా కోపతాపాలనూ కదిలిస్తాయి, మనిషి సంకల్పాన్ని మాత్రం కట్టెయ్యలేవు. మరి జోస్యాలు నిజమవుతాయేం? ఎక్కువమంది కోపతాపాల వెంటే పోతారు గనక. ఎంత గడుసు జవాబు! శని పట్టిందని చేను బీడు పెట్టినవాడూ, శనివారం నువ్వులనూనె దీపం వెలిగించి మర్నాడు మడక కట్టినవాడూ మన పల్లెల్లో పక్కపక్కనే ఉన్నారు.

1277లో పారిస్ బిషప్ తాంపియే 219 వాదాలను నిషేధించాడు. మన ఇచ్ఛ గ్రహాల చేతిలో ఉందనడమూ వాటిలో ఉంది. అయినా 1348లో, ప్లేగు ఊళ్లు ఖాళీ చేస్తుంటే, అదే పారిస్ వైద్య పండితులు 1345 మార్చిలో కుంభంలో శని, గురు, కుజులు కలవడమే కారణమని రాజుకు రాసిచ్చారు. 1414లో కార్డినల్ పియెర్ దాయి గురుశనుల కలయికలు లెక్కేసి, లోకం 1789 దాకా నిలిస్తే పెద్ద మార్పులు తప్పవన్నాడు.

అదే అంకె మా వైపు నుంచీ పారిస్ చేరింది. పూతలపట్టు నుంచి పడమరగా కనుమ ఎక్కితే పుంగనూరు. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్యూట్ పాదిరీలు అక్కడికి వచ్చారు. వాళ్ల కర్ణాటక మిషన్‌లోనిదే కృష్ణాపురం. అక్కడి బ్రాహ్మణుల గణిత పట్టికలను 1750 ప్రాంతంలో ఫాదర్ దూషాం పారిస్‌కు పంపాడు. అవి 1491 మార్చి నుంచి మొదలవుతాయి. వాటినీ ముందేసుకునే ఖగోళ పండితుడు బైయీ 1787లో మన గణితం మీద పెద్ద పుస్తకం రాశాడు. క్రీస్తుపూర్వం 3102 నాటి ఆకాశాన్ని మనవాళ్లు కళ్లారా చూశారన్నాడు. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఒప్పుకోలేదు. లాప్లాస్‌దే సరైన మాట. నా మమకారం మాత్రం బైయీ మీదే. ప్రళయం పేరుతో వెళ్లిన అంకె ఆయన దగ్గరికి సొంత పేరుతో చేరింది మరి.

ఆ బైయీయే ఫ్రెంచి విప్లవం మొదట్లో, 1789 జూన్ 20న, టెన్నిస్ కోర్టు ప్రమాణం చేయించాడు, మరుసటి నెల పారిస్ మేయరయ్యాడు. కార్డినల్ చెప్పిన ఏడాదే! 1793 నవంబరులో గిలటిన్ ఎక్కాడు.

కాకతాళీయమే అన్నాను. అయ్యవారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, “ఆయనది ఏం లగ్నం నాయనా?” అన్నారు.