ఆ మచ్చ పోతుందా?

"మచ్చ పోవడానికి మంచి క్రీమ్ ఏదో చూసిపెట్టు బిడ్డా." సాఫ్ట్‌వేర్ పని చేసుకునే నాలాంటి వాళ్లను అడగాల్సిన ప్రశ్న కాదిది. అయినా అడుగుతారు. ఫోన్‌లో వెతికి పెట్టడం మా తరం డ్యూటీ అని మా స్టేషన్ ఘన్‌పూర్‌లో అందరికీ గట్టి నమ్మకం. పక్కింటి అత్తమ్మకు కుక్కర్ ఆవిరి కొట్టిన చెయ్యి. తమ్ముడి వరసయ్యే ఇంటర్ కుర్రాడికి బుగ్గల మీద మొటిమల గుంటలు. మా చిన్నమ్మకు కమ్మలు పెట్టుకునే చోట బటాణీ గింజంత గడ్డ. ముగ్గురూ అడిగేది ఒకటే: "గిది పోతదా?" ముగ్గురికీ చెప్పాల్సిన జవాబులు మాత్రం వేరు. ఈ వారం కాలమ్ దాని గురించే. నేను డాక్టర్ని కాదు. చదివింది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను, అంతే.

ముందుగా చేదు మాట చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఒకసారి పడిన మచ్చ పూర్తిగా చెరిగిపోదు. ఏ క్రీమూ, ఏ లేజరూ ఆ పని చేయలేదు. మంచి వైద్యం మచ్చను చదును చేస్తుంది, రంగు తగ్గిస్తుంది, దురద ఆపుతుంది, బిగుసుకున్న చర్మాన్ని వదులు చేస్తుంది. ఇది తక్కువేం కాదు. కానీ "100 శాతం మాయం" అన్న బోర్డు కనిపిస్తే మాత్రం మీ పర్సు జాగ్రత్త.

ఎందుకు పోదంటే, మచ్చ అనేది చర్మం వేసుకున్న అతుకు. పైపొర మాత్రమే గీసుకుపోతే మళ్లీ మామూలు చర్మమే వస్తుంది. గాయం లోపలి పొర దాకా దిగినప్పుడు ఒంటికి నేత అందంగా ఉండాలన్న ఆలోచన ఉండదు, ముందు కన్నం పూడ్చాలి. కొలాజెన్ అనే పీచును గబగబా పరిచేస్తుంది. మామూలు చర్మంలో ఆ పీచు అటూ ఇటూ అల్లుకుని బట్ట నేతలా ఉంటుంది. మచ్చలో ఒకే దిక్కుగా కట్టలు కట్టినట్టు ఉంటుంది. అక్కడ వెంట్రుక రాదు, చెమట గ్రంథులు ఉండవు. బలం కూడా పాత చర్మంలో 80 శాతానికి మించి రాదు. మా భాషలో చెప్పాలంటే అర్ధరాత్రి సర్వర్ పడిపోతే వేసే ప్యాచ్ లాంటిది. పని నడుస్తుంది, కోడ్ మాత్రం చూడబుద్ధి కాదు.

అయితే ఆ అతుకు మొదటి రోజు ఉన్నట్టే ఉండిపోదు. ఏడాది, ఏడాదిన్నర పాటు మారుతూనే ఉంటుంది. ఎర్రగా, గట్టిగా ఉన్నది మెల్లగా మెత్తబడి పాలిపోతుంది. చాలా వైద్యాలు బాగా పనిచేసేది ఈ కాలంలోనే. మనం మాత్రం గాయం మానగానే ఆస్పత్రి మర్చిపోయి, పెళ్లిచూపుల ముందు గుర్తు తెచ్చుకుంటాం.

ఇప్పుడు రకాలు చూద్దాం.

మొదటిది అసలు మచ్చే కాదు. మొటిమో, దోమకాటో మానాక మిగిలే నల్లటి మరక. చర్మం చదునుగానే ఉంటుంది, రంగు మాత్రమే తేడా. మనలాంటి చామనఛాయ వాళ్లలో ఇది ఎక్కువ. ఎండ తగలకుండా చూసుకుంటే కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. దీనికోసం మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికే స్టెరాయిడ్ కలిసిన 'తెల్లబడే' క్రీములు రాయడమే అసలు ప్రమాదం. కొన్నాళ్లు బాగున్నట్టే ఉంటుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు ఇంకా లేస్తాయి. స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. కౌంటర్ దగ్గర అది ఎంత అమలవుతోందో మీకూ తెలుసు.

రెండోది గుంట. మొటిమలు, ఆటలమ్మ మిగిల్చేవి ఇవి. వెనకటి తరం వాళ్ల ముఖాల మీద కనిపించే మశూచి గుంటలూ ఈ జాతివే. 1980లో ఆ జబ్బు ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు, అది మిగిల్చిన మచ్చలు మాత్రం వాళ్లతో పాటే బతికాయి. గుంటల్లోనూ తేడాలున్నాయి. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉండేవి, అంచులు నిటారుగా ఉండే వెడల్పాటివి, అలల్లా ఎగుడుదిగుడుగా ఉండేవి. సన్నటి లోతు గుంటల్లో ఘాటైన ఆమ్లాన్ని చుక్కగా పెడతారు, లేదా ఆ ముక్కను కోసి తీస్తారు. అలల్లాంటి వాటికి కింద లాగి పట్టుకున్న పీచును సూదితో తెంపుతారు. దీన్ని సబ్‌సిషన్ అంటారు. పైన మైక్రోనీడ్లింగ్, ఫ్రాక్షనల్ లేజర్ చేస్తారు. ఒకే ముఖం మీద మూడు రకాలూ ఉండొచ్చు. అందుకే అందరికీ ఒకే ప్యాకేజీ అమ్మే చోట అనుమానించాలి. ఇంకో మాట, మొటిమలు ఇంకా లేస్తుండగా గుంటలకు వైద్యం చేయించడం కురుస్తున్న ఇంటికి సున్నం వేయించడమే. ముందు మొటిమలు ఆగాలి. మా తమ్ముడికి చెప్పింది ఇదే.

మూడోది గాయం ఉన్న మేరకే ఉబ్బి, ఎర్రగా, గట్టిగా, దురదగా ఉండే మచ్చ. హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటారు. మానడానికి మూడు వారాల కంటే ఎక్కువ పట్టిన కాలిన గాయాల్లో ఇది వచ్చే అవకాశం బాగా ఎక్కువ. అత్తమ్మ చేతిది ఇదే. దీనికి గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ గానీ, సిలికాన్ పట్టీ గానీ వాడతారు. రోజుకు 12 గంటలకు తగ్గకుండా, కనీసం రెండు మూడు నెలలు. పెద్ద మచ్చలైతే బిగుతుగా కుట్టిన ప్రెజర్ బట్టలు వేస్తారు. వాటిని స్నానానికి తప్ప తీయకూడదు, దాదాపు 23 గంటలు, ఆరు నెలల నుంచి ఏడాది దాకా. మన మే నెల ఎండల్లో అది ఎంత నరకమో చెప్పక్కర్లేదు. చాలామంది మధ్యలో వదిలేసేది అందుకే. వదిలేసిన వాళ్లను తిట్టే ముందు ఇంట్లో వాళ్లు ఒక కూలర్ ఆ గదిలో పెట్టండి.

నాలుగోది కెలాయిడ్. చూడ్డానికి మూడోదానిలాగే ఉంటుంది, గుణం మాత్రం వేరు. ఇది గాయం గీత దాటి పక్క మంచి చర్మంలోకి పాకుతుంది. ఫ్రెంచ్ వైద్యుడు అలిబెర్ 200 ఏళ్ల కింద దీనికి పేరు పెట్టింది కూడా ఎండ్రకాయ డెక్కను చూసే. చెవి తమ్మె, భుజం, ఛాతీ నడిమధ్య, వీపు పైభాగం దీనికి ఇష్టమైన చోట్లు. చెవి కుట్టించుకున్న చోట, టీకా వేసిన చోట, ఒక్కోసారి చిన్న మొటిమ లేచిన చోట కూడా మొదలవుతుంది. కొన్ని కుటుంబాల్లో ఎక్కువ. ఇది క్యాన్సర్ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు.

కెలాయిడ్ విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: ఊరికే కోసి తీయకూడదు. కోత మాత్రమే పెట్టి వదిలేస్తే సగం మందిలో, అంతకంటే ఎక్కువ మందిలో మళ్లీ వస్తుంది, పాతదానికన్నా పెద్దగా. చిన్నమ్మకు జరిగింది అదే. ఎవరో "పది నిమిషాల పని" అని కోసేశారు. ఆర్నెల్లకు బటాణీ కాస్తా చింతగింజంత అయి కూర్చుంది. సరైన దారి ఏంటంటే, ముందు గడ్డలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, చాలాసార్లు. నొప్పిగా ఉంటుంది, చుట్టూ చర్మం కాస్త తెల్లబడొచ్చు. అవసరమైతే మంచుకన్నా ఎన్నో రెట్లు చల్లటి ద్రవంతో గడ్డకట్టిస్తారు. కోయక తప్పకపోతే ఆ వెంటనే ఇంజెక్షన్లో, రేడియేషనో, చెవికైతే నొక్కిపట్టే కమ్మలో తోడు ఉండాలి. ఇంట్లో ఒకరికి కెలాయిడ్ ఉంటే పిల్లలకు రెండో కుట్టు, మూడో కుట్టు, పచ్చబొట్టు సరదాలు మానుకోవడం మేలు.

ఐదోది అన్నిటికన్నా బరువైనది. కాలిన చోట మచ్చ ముడుచుకుపోయి కీలును పట్టేస్తుంది. మెడ గదమకు అంటుకుపోతుంది, మోచెయ్యి చాపలేరు, వేళ్లు అరచేతిలోకి వంగిపోతాయి. డాక్టర్లు కాంట్రాక్చర్ అంటారు. నొప్పి తక్కువగా ఉంటుందని పేషెంట్ చెయ్యి ముడుచుకునే పడుకుంటాడు. "పాపం, పడుకోనియ్యి" అని మనం కదిలించం. సుఖంగా ఉన్న ఆ వంకరే తర్వాత పర్మనెంట్ అవుతుంది. గాయం మానే రోజుల నుంచే స్ప్లింట్ కట్టి, ఫిజియోథెరపీ చేయించాలి. పిల్లల్లో ఇంకో చిక్కు. పిల్ల పెరుగుతుంది, మచ్చ పెరగదు. అందుకే పెరిగే వయసులో మళ్లీ మళ్లీ ఆపరేషన్లు పడొచ్చు. మచ్చ గీతను జెడ్ ఆకారంలో కోసి పొడవు పెంచడం, తొడ నుంచి చర్మం తీసి అతకడం ఇందులో వాడే పద్ధతులు.

ఇక డబ్బు సంగతి. ఆరోగ్యశ్రీ జాబితాలో కాలిన గాయాల తర్వాతి కాంట్రాక్చర్ ఆపరేషన్లు ఉన్నాయి. అయితే దాని వెనక ఒక షరతు ఉంది: పనితీరు మెరుగుపడటం కోసం అయి ఉండాలి. చెయ్యి లేవకపోతే స్కీము ఉంది. చెయ్యి లేస్తుంది, ముఖమే బాగోలేదంటే అది అందం ఖాతాలోకి పోతుంది. సర్కారు ఖజానా ఎక్కడో ఒక గీత గీయాలి, కాదనను. కానీ ఆ గీత దగ్గర ఆగి ఒకసారి ఆలోచించాలనిపిస్తుంది. బుగ్గ మీద కాలిన మచ్చ ఉన్న అమ్మాయి షాపులో కౌంటర్ ఉద్యోగానికి పోతే గోదాములో పని ఇస్తే, అది పనితీరు దెబ్బతినడం కాదా? మన భాషలోనే చూడండి, గుణం మంచిదైతే 'మచ్చలేని మనిషి' అంటాం. పొయ్యి దగ్గర కాలిన పిల్ల ఏ తప్పు చేసిందని ఆ మాట మోయాలి?

ఈ గీత కదిలిన సందర్భం ఒకటుంది, దాంట్లో మన వరంగల్‌కూ చోటుంది. 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద వరంగల్‌లో యాసిడ్ పోశారు. నేనప్పుడు బడిలో ఉన్నాను. నిందితులు ముగ్గురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఇద్దరమ్మాయిల్లో ఒకరు ఆ నెలలోనే చనిపోయారు. మావైపు ఇప్పటికీ ఎన్‌కౌంటర్ గురించి గంటలు గంటలు మాట్లాడతారు. బతికిన వాళ్లు ఆ తర్వాత ఎన్ని ఆపరేషన్ బల్లలు ఎక్కాలో మాట్లాడేవాళ్లు తక్కువ. 2013లో చట్టం మారి యాసిడ్ దాడికి కనీసం పదేళ్ల శిక్ష పెట్టారు. అదే ఏడాది సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాలకు కళ్లెం వేసి, బాధితులకు కనీసం 3 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ దాడి బాధితులనూ జాబితాలో చేర్చింది. అంటే రూపం పాడవడం కూడా వైకల్యమేనని చట్టం ఒప్పుకుంది. ఒప్పుకుంది గానీ, ఒకరు కావాలని పోసిన యాసిడ్‌కు మాత్రమే. స్టవ్ పేలి అదే ముఖం కాలితే, కీళ్లు పనిచేస్తుంటే, ఆ తలుపు తెరుచుకోదు. మచ్చ ఒకటే, కారణం వేరు. ఈ తేడా ఎందుకో మన ప్రజాప్రతినిధులను అడగొచ్చు.

ఈలోపు మన చేతిలో ఉన్నవి కొన్ని. కాలగానే 20 నిమిషాలు మామూలు నీటి ధార కింద పెట్టాలి. పేస్టు, సిరా, పసుపు, ఐసు వద్దు. గాయం ఎంత లోతుకు దిగితే మచ్చ అంత మొండిది కాబట్టి, మచ్చ వైద్యం నిజంగా మొదలయ్యేది ఆ కుళాయి దగ్గరే. కామెర్లకు వాతలు పెట్టించడం ఇకనైనా ఆపాలి. జబ్బు తగ్గదు, జన్మంతా ఉండే మచ్చ మాత్రం గ్యారంటీ. ఏళ్ల నాటి కాలిన మచ్చ మీద మానని పుండు లేస్తే అశ్రద్ధ చేయొద్దు, అరుదుగా అది క్యాన్సర్‌గా మారుతుంది, ముక్క తీసి పరీక్ష చేయించాలి.

లేజర్‌కు వెళ్లే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. నాది ఏ రకం మచ్చ? ఎన్ని సిట్టింగులు, మొత్తం ఖర్చెంత? నా రంగు చర్మానికి నల్లబడే ప్రమాదం ఎంత? చేయించుకోకపోతే ఏమవుతుంది? నాలుగోదానికి నిజాయితీగా జవాబు చెప్పే డాక్టరు దొరికితే వదలకండి. వరంగల్ ఎంజీఎంలో చర్మ విభాగం ఉంది, హైదరాబాద్ ఉస్మానియాలో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. ముందు అక్కడ చూపించుకోవడానికి నామోషీ అక్కర్లేదు.

అదే ఉస్మానియాలో 2021లో చర్మ బ్యాంకు మొదలైంది. చనిపోయిన ఆరు గంటల్లోపు తొడలు, వీపు నుంచి పలచటి పొర మాత్రమే తీసుకుంటారు. శరీరం వికారంగా మారదు, కర్మకాండలకు అడ్డం రాదు. ఆ పొర ఒళ్లంతా కాలిన మనిషికి కొన్ని వారాలు కప్పుగా ఉండి ప్రాణం నిలబెడుతుంది, తర్వాత సొంత చర్మం అతుకుతారు. కళ్లు దానం చేయడం మన ఊళ్లకు ఇప్పటికే తెలుసు. చర్మం సంగతి కూడా ఈ ఆదివారం ఇంట్లో ఒకసారి ఎత్తి చూడండి.

అత్తమ్మ సిలికాన్ జెల్ మొదలుపెట్టి ఆరు వారాలైంది. దురద తగ్గిందట. "రంగు ఎప్పుడు మారతది?" అని నిన్న కూడా అడిగింది. ఇంకో ఏడాది ఆగమన్నాను.