గురుకులానికి లైబ్రేరియన్, ఊరి బడికి బీరువా

ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారం సర్కారు బడుల్లో బీరువాలు తెరుచుకుంటాయి. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్ పోటీలు పెడతారు, ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పైఅధికారులకు పంపుతారు. 21న మళ్లీ తాళం. ఆ తర్వాత పెద్దలంతా పిల్లల మీద పడతారు, సెల్‌ఫోన్ల వల్ల చదివే అలవాటు పోయిందని. ఈ మాట వినీ వినీ విసుగొస్తోంది. పుస్తకం చేతికివ్వడానికి బడిలో ఒక మనిషిని పెట్టని వాళ్లకు ఆ మాట అనే హక్కు లేదు.

2023లో తెలంగాణ గురుకులాల నియామక బోర్డు పాఠశాల లైబ్రేరియన్ పోస్టులు 434 ప్రకటించింది. చదువుల మీద ఇంత చర్చ జరుగుతున్నా ఈ 434 ఊసు ఎవరూ ఎత్తరు. గ్రంథాలయం నడవాలంటే అదే పనిగా ఉండే ఉద్యోగి కావాలని ప్రభుత్వమే ఒప్పుకున్న లెక్క అది. కేంద్రీయ విద్యాలయాల్లోనూ ఆ పోస్టు ఉంది. మరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు? తెలుగు సారుకో సోషల్ టీచరుకో 'లైబ్రరీ ఇన్‌చార్జి' అని అదనపు బాధ్యత అంటగట్టి చేతులు దులుపుకుంటారు.

ఆ ఇన్‌చార్జి అవస్థ చూడండి. స్టాక్ రిజిస్టర్‌లో ఉన్న పుస్తకాల్లో ఏది పోయినా జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. బదిలీ అయితే ఒక్కోటీ లెక్కపెట్టి అప్పగించాలి. రోజంతా పాఠాలు చెప్పి, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ హాజరు కూడా చూసుకునే మనిషి, ఆరో తరగతి పిల్లాడికి కథల పుస్తకం ఇంటికిచ్చి కొత్త తలనొప్పి ఎందుకు తెచ్చుకుంటాడు? తాళం వేస్తాడు. తప్పు ఆయనది కాదు.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలంది, కథల పుస్తకాలూ పత్రికలూ ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వందమంది దాటితే కళలకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులుండాలనీ చెప్పింది. గ్రంథాలయం దగ్గరికొచ్చేసరికి మనిషి ప్రస్తావనే లేదు. సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏటా 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా వచ్చే గ్రాంటు పుస్తకాలకే. 2022 జనవరిలో కేంద్రం వంద రోజుల పఠన కార్యక్రమం మొదలుపెట్టినప్పుడూ భారం పడింది ఆ టీచర్ల మీదే.

మనిషి ఉంటే ఏం మారుతుందో గోడపత్రికను చూస్తే తెలుస్తుంది. ఏడో తరగతి పిల్ల రాసిన కథ చార్టు మీదికెక్కాలంటే ఎవరో ఒకరు ఆమె పక్కన కూర్చోవాలి. మొదటి ప్రతి చదివి, 'మీ నానమ్మ ఎలా చెప్పిందో అలాగే రాయమ్మా, పాఠం భాష వద్దు' అనాలి. తిరగరాయించాలి. బొమ్మలేసే పిల్లాడెవడో వెనక బెంచీలో వెతికి పట్టుకోవాలి. ఒక్కరోజు పోటీతో ఇది కుదరదు. పోటీల్లో ఎప్పుడూ గెలిచేది చురుకైన ఆ నలుగురే, మిగతావాళ్లది చప్పట్లు కొట్టే పని. చదువుకు దొరికే అవకాశాల గురించి పిల్లలకు చెప్పే మనిషి సంగతీ అంతే. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్‌కు ఎంపికైతే ఏడాదికి 12 వేల స్కాలర్‌షిప్. పిల్లల కొత్త ఆలోచనలకిచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డుకు ఎంపికైతే 10 వేలు. ఈ కబురు పిల్లల చెవిన పడటం ఇవాళ ఏ సారుకు తీరిక దొరికిందన్న దాన్ని బట్టి ఉంది.

జీతాలకు డబ్బెక్కడిదంటారు. అది ఏటా మోయాల్సిన ఖర్చే, కాదనను. పక్కపక్క ఊళ్ల రెండు బడులకు ఒకరిని వేసైనా మొదలుపెట్టండి. 434 మందికి జీతమివ్వగల ఖజానా ఊరి బడి పేరెత్తగానే ఖాళీ అయిపోతుందా?

ఒకే ఇంట్లో అక్కకు గురుకులంలో సీటొస్తుంది, చెల్లికి రాదు. అక్క బడికి లైబ్రేరియన్, చెల్లి బడికి తాళమేసిన బీరువా. ఏ న్యాయం ప్రకారం? ప్రవేశ పరీక్షలో నాలుగు మార్కులు తగ్గిన పిల్లకు కథల పుస్తకం కూడా దక్కకూడదని ఏ నిపుణుల కమిటీ తేల్చింది? తర్వాతి డీఎస్సీ నోటిఫికేషన్‌లో జిల్లా పరిషత్ బడులకు ఎన్ని లైబ్రేరియన్ పోస్టులు ఉంటాయో విద్యాశాఖ ఇప్పుడే చెప్పాలి. చెప్పలేకపోతే ఇంకో పఠన కార్యక్రమం ప్రకటించవద్దు.