మిక్సీ సముద్రాలు దాటాలా?

ఏటా జూలై, ఆగస్టు నెలలు వచ్చేసరికి మన కళాశాలలో పట్టా పుచ్చుకున్న అన్నలూ అక్కలూ కొందరు అమెరికా ప్రయాణం కడతారు. ఆ ఇళ్ళల్లో హాలు మధ్య రెండు పెద్ద సూట్‌కేసులు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. సాధారణంగా ఒక్కొక్కటి 23 కిలోలు దాటకూడదు. ఆవకాయ ఎంత, కారప్పొడి ఎంత అనే తర్జనభర్జన సాగుతుండగా ఎవరో ఒక పెద్దమనిషి తప్పకుండా ఒక మాట అంటాడు: "మిక్సీ, రైస్ కుక్కరూ ఇక్కణ్ణించే పట్టుకుపోండి. అక్కడ కొనాలంటే డాలర్లు పొయ్యాలి."

ఈ సలహా తప్పని నా అభిప్రాయం. పెద్దల మాటకు ఎదురు చెప్పాలని కాదు. ఆ మాట విన్నందుకు మా ఇంట్లో ఏం జరిగిందో కళ్ళారా చూశాను గనుక చెబుతున్నాను.

2024 ఆగస్టులో మా అక్క పై చదువుకు అమెరికా వెళ్ళింది. బ్యాంకు అప్పు ఫీజుకే సరిపోయింది. మిగతా ఖర్చులకు నాన్న మిరపకాయలు అమ్మిన డబ్బు తీశాడు. అందులోంచే 750 వాట్ల మిక్సీ ఒకటి, 700 వాట్ల కరెంటు కుక్కరు ఒకటి కొన్నాడు. రెండూ కలిసి ఎనిమిది కిలోల పైమాటే. తూకం కుదరక అమ్మ ఉన్ని రగ్గు బయటికి తీసింది, అక్క తన పుస్తకాలు తీసేసింది. ఆ పెట్టెకు తాడు బిగించినవాణ్ణి నేనే. అప్పటికి నేను బి.ఎస్సీ. మొదటి సంవత్సరం పూర్తి చేశాను. నా ముఖ్య పాఠ్యాంశం భౌతికశాస్త్రం!

మన దేశంలో ఇంటి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జులు. మన ప్లగ్గుకు గుండ్రటి కాళ్ళు, వాళ్ళ ప్లగ్గుకు చదునైన రేకులు. నాలుగైదు డాలర్ల అడాప్టరు కొంటే ప్లగ్గయితే పడుతుంది, కాని వోల్టేజీ మారదు. అక్క ఆ అడాప్టరు పెట్టి కుక్కరు వేసింది. గంటన్నర గడిచినా బియ్యం బియ్యంగానే ఉన్నాయట.

కారణం మనమంతా పరీక్షలో రాసిందే. కుక్కరులోని తీగ నిరోధం దాదాపు మారదు కనుక, శక్తి వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది. వోల్టేజీ సగానికి వస్తే వేడి సగానికి కాదు, పావుకు పడిపోతుంది. లెక్క కట్టి చూడండి: 700 వాట్ల కుక్కరు అక్కడ ఇచ్చేది సుమారు 190 వాట్లే. దానితో నీళ్ళు వెచ్చబడతాయేగాని అన్నం ఉడకదు. మిక్సీ సంగతీ అంతే. ఖాళీగా తిరుగుతుంది, పచ్చి కొబ్బరి పడగానే మూలుగుతుంది. అలా ఆగిన మోటారును పట్టుబట్టి తిప్పిస్తే చుట్ట వేడెక్కి కమురు వాసన వస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు కదా అంటారు. నిజమే, పెట్టుకోవచ్చు. కాని 750 వాట్ల మిక్సీకి అంతకు బాగా మించిన సామర్థ్యం గలది కావాలి. అది ఇనుమూ రాగీ నింపిన పెట్టె, కిలోల బరువు. అక్క చివరికి అదీ కొంది. ఆ ధరకు అక్కడి కుక్కర్లు రెండు వచ్చేవి. మామూలు కుక్కరు అక్కడ ఇరవై, పాతిక డాలర్లకే దొరుకుతుంది. అంటే అప్పటి లెక్కన రెండు వేల రూపాయలు. మనం ఆదా చేశామనుకున్నది దేనిమీద?

అసలు ఈ అలవాటు ఎక్కణ్ణించి వచ్చిందని ఆలోచిస్తే ఒకటి తోస్తుంది. దుబాయి, లండన్ వంటి చోట్ల కరెంటు మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జులు. అక్కడికి తీసుకెళ్ళిన మిక్సీ ప్లగ్గు మారిస్తే చక్కగా నడుస్తుంది. గల్ఫ్ వెళ్ళిన మనవాళ్ళు ఒకప్పుడు తెచ్చిన టేప్ రికార్డర్లూ మన ఇళ్ళల్లో అలాగే మోగాయి. ఆ అనుభవాన్నే అమెరికాకూ, కెనడాకూ, 100 వోల్టుల జపానుకూ వర్తింపజేస్తే దెబ్బ తింటాం. దేశం ఏదైనా ముందు చూడవలసింది వోల్టేజీ, తరువాత బరువు. ధర సంగతి ఆఖరున.

వెనక పార్సిలు పంపుదామనుకునేవారికీ ఒక మనవి. కొరియరువాళ్ళు బరువొక్కటే చూడరు, పెట్టె పరిమాణమూ చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. 40, 30, 30 కొలతల పెట్టెలో అయిదు కిలోల మిక్సీ పెడితే 7.2 కిలోలకు డబ్బు కట్టాలి. పైగా 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29న నిలిపివేసింది. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ నుంచే నిషిద్ధం. పవర్ బ్యాంకును చేతి సంచిలోనే ఉంచుకోవాలి. ఇంతా చేసి వస్తువు చెడిపోతే ఇక్కడి గ్యారంటీ కాగితం అక్కడ చాలాసార్లు చిత్తు కాగితమే.

అయితే అవతలి పక్షంలోనూ న్యాయముంది. అక్కడి బ్లెండర్లు పళ్ళరసానికి పుట్టినవి, నానిన మినప్పప్పు రుబ్బడానికి కాదు. మన పచ్చడి మన మిక్సీలోనే కుదురుతుంది. ఒప్పుకుంటాను. కాని మన కంపెనీలే 110 వోల్టుల మిక్సీలు తయారు చేస్తున్నాయి, అక్కడి ఇండియన్ షాపుల్లో అవి దొరుకుతాయి. ఇక్కడికంటే ఖరీదే. అయినా మిక్సీ, ట్రాన్స్‌ఫార్మర్, మోత కూలీ కలిపి చూస్తే అదే చవక.

తీసుకుపోదగినవి లేకపోలేదు. లాప్‌టాప్, ఫోను చార్జర్ల మీద "100-240 వోల్టులు, 50/60 హెర్ట్జులు" అని ఉంటుంది. అవి ఎక్కడైనా పనిచేస్తాయి. పొయ్యి మీద పెట్టే ప్రెషర్ కుక్కరుకు వోల్టేజీతో పనే లేదు. దానికి రెండు గాస్కెట్లు అదనంగా పెట్టండి. మిగిలిన బరువు ఉన్ని రగ్గుకూ పుస్తకాలకూ వదలండి.

అక్క నెలల తరబడి ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఫోనులో అమ్మ "అన్నం వండుకున్నావా?" అని అడిగితే "ఆఁ" అనేది. నాతో మాత్రం చెప్పింది. ఆఖరికి సంక్రాంతి నాడు నాన్నకు తెలిసింది. మా బోరు దగ్గర వోల్టుమీటరు 350 చూపిస్తే నాన్న స్టార్టరు జోలికి పోడు. మూడు ఫేజుల మోటారుకు 415 ఉండాలి, లో వోల్టేజీలో వేస్తే కాయిల్ కాలుతుందని ఊరందరికీ చెప్పే మనిషి. కాసేపు ఊరుకుని, "అయితే నా కూతురి చేత నేనే లో వోల్టేజీలో మోటారు వేయించానన్నమాట" అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నాన్నకు మీటరు చూడడం తెలుసు. మిక్సీ అడుగున రేకు మీద అంకెలు చదవవలసినవాణ్ణి నేను. సూత్రం పేపరు మీద రాసి మార్కులు తెచ్చుకున్నాను గాని, నా ఒళ్ళో ఉన్న పెట్టెకు దాన్ని అన్వయించలేదు.

సోదర విద్యార్థులారా! మన చదువుకు ఇంట్లో అప్పు చేసి డబ్బు కడుతున్నారు. ఆ డబ్బుకు బదులుగా మనం చేయగలిగిన కనీసపు పని, కొనే ముందు వస్తువును తిరగేసి దాని మీది అంకెలు చదివి పెద్దవాళ్ళకు చెప్పడం. ప్రేమతో పెట్టిన మిక్సీ అయినా 120 వోల్టుల మీద తిరగదు.

మొన్న మా వీధిలో ఒక అబ్బాయి ప్రయాణమవుతున్నాడు. నాన్న వాళ్ళింటికి వెళ్ళి, కొత్త మిక్సీని బల్ల మీద బోర్లించి, "దీనిమీద ఎంతుందో చదువు బాబూ" అన్నాడట. మిక్సీ ఆగిపోయింది. రగ్గు వెళ్ళింది.